మా మీద స్కిట్ ఎప్పుడేస్తారు సార్?

టీవీ కామెడీ షోలో సెలబ్రిటీ పార్టీ స్కిట్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నల్లకళ్లద్దాల హీరో ఒకడు కుక్కపిల్లకు బర్త్‌డే చేస్తాడు. వచ్చినవాళ్లు కేకు ముట్టుకోరు, దాంతో సెల్ఫీలు దిగుతారు. జడ్జీలు కుర్చీల్లోంచి జారిపోయేంత నవ్వుతారు. మా వైరాలో మాత్రం ఇందులో జోకెక్కడుందా అని వెతుక్కుంటాం.

మా ఓణీల ఫంక్షన్ చూస్తే మీకే తెలుస్తుంది. ఖమ్మం జిల్లాలో ఆడపిల్లకు ఓణీలు, మగపిల్లాడికి పంచెలు కట్టడమంటే పెళ్లికి డ్రెస్ రిహార్సలే. పిల్ల పల్లకీలో రావాలి, పొగ లేవాలి, చిచ్చుబుడ్లు వెలగాలి, ఆ మూడూ ఒకే షాట్‌లో పడాలి. ఒక్కటి తప్పినా పిల్ల మళ్లీ గేటు దాకా వెళ్లి పల్లకీ ఎక్కాల్సిందే. మోసే మేనమామల నడుముల సంగతి ఎవరికీ పట్టదు.

మొన్నొక భోజనాల బంతిలో డ్రోన్ మరీ కిందికి దిగింది. ఆ గాలికి నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన విస్తట్లో అప్పడం లేచి పక్కాయన సాంబార్లో పడింది. ఆయన చెయ్యి చాచబోతే, ‘‘కదలొద్దు బాబాయ్, షాట్ అదిరింది’’ అని అరిచాడు కెమెరా కుర్రాడు. బాబాయ్ నిజంగానే కదల్లేదు. కలిపిన ముద్ద నోటి ముందు పట్టుకుని, పైకి చూస్తూ, చుట్టానికి నవ్వినట్టు డ్రోన్‌కి నవ్వాడు. 2025లో మిర్చి రేటు పడిపోయి రైతు లబోదిబోమన్నాడు గానీ, డ్రోన్ కిరాయి మాత్రం దిగిరాలేదు.

తప్పు మా ఒక్కరిదే అంటే ఒప్పుకోను. 2024 మార్చిలో అంబానీల చిన్నబ్బాయి పెళ్లికి ముందే జామ్‌నగర్‌లో రిహానా పాడి వెళ్లింది. అసలు పెళ్లి జులైలో! అప్పట్నుంచి మా కుర్రాళ్లకు పెళ్లికి ముందొక పెళ్లి కావాలి. జామ్‌నగర్ దూరం కాబట్టి వైరా ప్రాజెక్టు కట్ట మీదికి వెళ్తారు. నిజాం కాలంలో పొలాలకు నీళ్లివ్వడానికి కట్టిన ఆ రిజర్వాయరు ఇప్పుడు కాబోయే దంపతులకు బ్యాక్‌గ్రౌండ్ కూడా ఇస్తోంది.

2024 ఆగస్టు 15న ముఖ్యమంత్రి వైరా సభలో రెండు లక్షల దాకా రుణమాఫీ మూడో విడత ప్రకటించినప్పుడూ అంతే. ఖాతాలో డబ్బులు పడ్డాయో లేదో చూసుకోకముందే స్టేటస్‌లో ఫొటోలు పడ్డాయి.

అలాగని పాతకాలం వాళ్లేమీ ముత్యాలు కాదు. చదివింపుల దగ్గర మైకు పెట్టి, ‘‘ఫలానా వారి బావమరిది గారు నూటపదహార్లు’’ అని ఊరంతా వినిపించింది వాళ్లే. ఆ మైకుకి ఇప్పుడు కెమెరా మొలిచింది. కాకపోతే మైకులో పేరు రావాలంటే జేబులోంచి ఎంతో కొంత తియ్యాల్సి వచ్చేది.

నా బెంగంతా కామెడీ గురించే. 2001లో జెమినీలో ‘అమృతం’ మొదలైనప్పుడు ఆదివారం రాత్రి అమృతరావు, ఆంజనేయులు గొప్పలకు పోయి బోర్లాపడేవాళ్లు. మనమూ అలా కనిపిస్తామేమోనని మర్నాడు ఒకరిద్దరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునేవారు. 2013లో ‘జబర్దస్త్’ వచ్చాక లెక్క మారింది. ఎవరి మీద స్కిట్ వేస్తున్నారో ఆయనే ఎదురుగా గెస్టు కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడతాడు, సినిమా రిలీజ్ డేట్ చెప్పి వెళ్తాడు. వెక్కిరింత కూడా పబ్లిసిటీ ఖర్చులో కలిసిపోయింది.

ఆ తెలివి మా వార్డు దాకా వచ్చేసింది. ఒక యువనేత బర్త్‌డే ఫ్లెక్సీ క్రాస్‌రోడ్డులో కట్టారు. అందులో ముఖ్యమంత్రి బొమ్మ తపాలాబిళ్లంత, ఈయనది తలుపంత. వాట్సాప్ గ్రూపులో కుర్రాళ్లు ఆ ఫొటోకి పులి తోక తగిలించి ఆడుకున్నారు. సాయంత్రానికి ఆయనే దాన్ని స్టేటస్ పెట్టుకున్నాడు, ‘‘నన్ను ఆదరిస్తున్న అభిమానులకు ధన్యవాదాలు’’ అని. తోక పెట్టినవాడు సిగ్గుపడ్డాడు గానీ ఈయన పడలేదు.

ఈ కాలమ్ రాస్తున్న సంగతి ఆయన చెవిన ఎవరు వేశారో గానీ, ఇందాకే ఫోన్ చేశాడు.

‘‘అన్నా, నా మీద రాస్తున్నవంట?’’

పేరు రాయలేదు తమ్మీ, బాధపడకు అన్నాను.

‘‘అదేందన్నా! పేరు లేకపోతే నేనని ఎట్ల తెలుస్తది? ఫ్లెక్సీ ఫొటో పంపుతున్న, కలర్‌లో వెయ్యమను.’’