స్టిక్కరుకు ఎన్ని జీబీలు?

క్రూషియల్ అనే తన మెమరీ బ్రాండు దుకాణం కట్టేస్తున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో చెప్పినప్పటి నుంచి మన నాస్ మిత్రమండలి సంతాపంలో ఉంది. ఉండాల్సిందే. ఇంట్లో నాస్, అంటే నెట్‌వర్కుకు తగిలించిన ఫొటోల నిల్వ డబ్బా, పెట్టుకున్నవాళ్ళలో చాలామంది ఏదో ఒక రాత్రి స్క్రూడ్రైవరు పట్టుకుని, దాని పొట్ట విప్పి, ఆ బ్రాండు మెమరీ ముక్కే గుచ్చినవాళ్ళు. అయితే సంతాపం సగంలో ఉండగానే కొందరు పెద్దమనుషులు లేచి హితబోధ మొదలుపెట్టారు. ర్యామ్ ధరలు ఎలాగూ మండిపోతున్నాయి, కృత్రిమ మేధ వాళ్ళు ఉన్న చిప్పులన్నీ డేటా సెంటర్లకు ఊడ్చుకుపోతున్నారు, ఇలాంటి రోజుల్లో బయటి సరుకు కోసం తిరగడమెందుకు, డబ్బా చేసిన సైనాలజీ అమ్మే అధికారిక మెమరీయే కొనుక్కుని గుండె మీద చెయ్యేసుకుని పడుకోండి, అని.

పడుకుందాం. అంతకు ముందు ఆ అధికారిక మెమరీ ఎక్కడ పుట్టిందో ఒకసారి చూద్దాం.

ప్రపంచంలో డీర్యామ్ చిప్పుల్లో చాలా భాగం చేసేవాళ్ళు ముగ్గురే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. తైవాన్‌కు చెందిన సైనాలజీకి చిప్పుల ఫ్యాక్టరీ లేదు. వాళ్ళు చేసేది నిల్వ డబ్బాలు, వాటిలో నడిచే డీఎస్‌ఎం సాఫ్ట్‌వేరు. ఆ సాఫ్ట్‌వేరు బాగుంటుంది, కాదనను. మెమరీ మాత్రం ఎవరో చేసిన చిప్పుల మీద వీళ్ళు అతికించిన స్టిక్కరు. డీడీఆర్4 కూడా వీళ్ళు కనిపెట్టింది కాదు. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ 2012లో ప్రకటించిన కొలత అది. ల్యాప్‌టాప్‌లో పట్టే డీడీఆర్4 సోడిమ్‌కు 260 పిన్నులు, 1.2 వోల్టులు. వీళ్ళ డబ్బాలోని స్లాటుకూ 260 పిన్నులే. 261వ పిన్ను ఒకటుండి, దాని మీద ‘మావాడే’ అని రాసి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

ఆ 261వ పిన్ను పనిని డీఎస్‌ఎం తెర మీద చూపించే హెచ్చరిక చేస్తుంది. దీని గురించి తీరిగ్గా మాట్లాడుకోవాలి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఇంత చిరాకు తెప్పించేది ఇంకొకటి లేదు.

ప్రతి మెమరీ ముక్క మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్పు ఉంటుంది. నేను ఇన్ని జీబీలు, నా వేగం ఇంత, నన్ను చేసినవాడు ఫలానా అని అది డబ్బాకు విన్నవించుకుంటుంది. బుద్ధిగల యంత్రం మొదటి రెండూ విని పనిలోకి దిగుతుంది. మన యంత్రం మూడోది విని మొహం ముడుచుకుంటుంది. మెమరీ చెడిందని అనదు. తప్పు దొరికిందనీ అనదు. ఇది మాది కాదు, అంటుంది. అంతే. తెర మీద ఓ పసుపు గుర్తు, కింద మర్యాదగా ఓ వాక్యం. చక్కగా నడుస్తున్న యంత్రం, తనలోని ముక్క ఇంటిపేరు సరిగా లేదని యజమానికి ఫిర్యాదు చేయడం నేను మరెక్కడా చూడలేదు.

పోనీ ఆ ముక్క మీద నిజంగా అనుమానముంటే పరీక్షించే దారి లేదా? ఉంది, వాళ్ళ దగ్గరే ఉంది. సైనాలజీ అసిస్టెంట్ అనే ఉచిత ప్రోగ్రాములో మెమరీ టెస్టు ఉంటుంది. ఒక్క నొక్కు నొక్కితే డబ్బా ఆగి, మళ్ళీ లేచి, ఉన్న మెమరీనంతా గాలించి ఫలితం చెప్తుంది. చదువుకున్నవాడు ఏం చేయాలి? ఆ పరీక్ష నడిపించి, పాసైతే పసుపు గుర్తు తీసేయాలి. కాని పరీక్ష పాసైనంత మాత్రాన కంపెనీ ఆమోదించిన మెమరీల అధికారిక జాబితాలో చోటు దొరకదు. అందులో చోటు మార్కులను బట్టి కాదు.

ఈ తర్కం ఇక్కడితో ఆగితే కొంపలేమీ మునగవు. ఆగుతుందని నమ్మకమేమిటి? రేపు పొద్దున డబ్బా తెరిస్తే ‘మీ గోడ ప్లగ్గు నుంచి ధ్రువీకరించని కరెంటు వస్తోంది’ అనొచ్చు. ‘ఈ పెళ్ళి వీడియో మేము సిఫారసు చేయని కెమెరాతో తీశారు’ అనొచ్చు. ‘ఈ ఫొటోలో పంచె కట్టుకుని నిలబడ్డ మీ మేనమామ మా అనుకూలతా జాబితాలో లేరు, ఆయనకేమైనా అయితే సాంకేతిక సహాయానికి హామీ ఇవ్వలేం’ అని కూడా అనొచ్చు. మేనమామకు మాత్రం ఈ సంగతి చెప్పకండి, ఆయనకు అసలే బీపీ.

ఇక అంకెల సంగతి. 2020లో వచ్చిన సైనాలజీ నాలుగు డిస్కుల డబ్బా డీఎస్920 ప్లస్‌లో ఇంటెల్ సెలెరాన్ జే4125 ఉంది. ఆ చిప్పు 2019 చివర్లో బయటికొచ్చింది. గరిష్ఠ మెమరీ 8 జీబీ అని ఇంటెల్ రాసింది, డబ్బా కంపెనీ కూడా అదే రాసింది. జనం బోర్డు మీద ఉన్న 4 జీబీకి తోడు 16 జీబీ ముక్క గుచ్చితే డబ్బా 20 జీబీ అని చూపించి పనిలో పడింది. ఇది ఒకరిద్దరి భాగ్యం కాదు, ఈ మోడల్ కొన్నవాళ్ళలో సగం లోకానికి తెలిసిన సంగతి. కాగితం మీద గరిష్ఠం వేరు, యంత్రానికి గరిష్ఠం వేరు.

2025కి రండి. డీఎస్425 ప్లస్. ఇదీ నాలుగు డిస్కుల డబ్బాయే. లోపల చిప్పు? అదే జే4125. ఆరేళ్ళ నాటిది. బోర్డు మీద మెమరీ? 2 జీబీ. అవును, రెండు. పీకి పారేయడానికి వీల్లేకుండా టంకం వేసి అతికించారు. పక్కన ఒకే ఒక్క స్లాటు. అందులో 4 జీబీ ముక్క పెట్టుకుంటే 6, అక్కడితో అధికారిక గరిష్ఠం సరి.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 2025లో కొన్న యంత్రంలో 2 జీబీ అంటే ఏమిటో వాళ్ళకు తెలియదా? ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే పని, వీడియోల సూచికలు తయారుచేసే పని, రెండు మూడు కంటైనర్లు కలిస్తే మెమరీ నిండిపోతుంది. నిండగానే లైనక్స్ డిస్కు మీదికి స్వాప్ చేస్తుంది. డిస్కులు రాత్రంతా కరకరమంటూ తిరుగుతాయి. కొన్నవాడు డబ్బా నిదానమని తిట్టుకుని, చివరికి ఆ ఖాళీ స్లాటు వైపు చూస్తాడు. వాడలా చూడటం కోసమే ఆ స్లాటును ఖాళీగా వదిలారు. అప్పుడు బజారు ధరకు కొన్ని రెట్లు వేసిన 4 జీబీ ముక్క చూపించి, ఇది కొంటేనే క్షేమం అంటారు. ఇది ఇంజినీరింగు కాదు. తక్కువ పెట్టి అమ్మి, ఆ తక్కువను మళ్ళీ అమ్ముకోవడం. మన ఊళ్ళలో ఫంక్షన్ హాలు వాళ్ళు చేసేది ఇదే కదా: హాలు అద్దె కట్టించుకుని, వంటవాళ్ళు మావాళ్ళే ఉండాలి, బయటివాళ్ళను తెచ్చుకుంటే రాయల్టీ కట్టండి అంటారు. వాళ్ళు కనీసం కడుపునొప్పి వస్తుందని బెదిరించరు.

క్షేమం, భద్రత అంటున్నారు కాబట్టి అదీ చూద్దాం. మెమరీలో ఒక బిట్టు తారుమారైతే కనిపెట్టి సరిదిద్దేది ఈసీసీ. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో ఏడాదిలో దాదాపు 8 శాతం మాడ్యూళ్ళు కనీసం ఒక తప్పు చేశాయని తేలింది. ఆ తప్పులకు స్టిక్కరుతో పనిలేదు. మన డేటా మీద అంత బెంగ ఉన్నవాళ్ళు ఏం చేయాలి? ఈసీసీ ఇవ్వాలి. జే4125కు ఈసీసీ రాదు. దానికోసం వాళ్ళు అమ్మే అధికారిక ముక్కకూ ఈసీసీ లేదు. అంటే బిట్టు తారుమారైతే అధికారికంగా తారుమారవుతుందన్నమాట.

డిస్కుల కథా ఇంతే. 2025 ఏప్రిల్‌లో ఈ కంపెనీ ప్రమాదకరమని పక్కన పెట్టిన బయటి డిస్కులు, అక్టోబరులో డీఎస్‌ఎం 7.3 రాగానే రాత్రికి రాత్రి మంచివైపోయాయి. ఎం.2 డిస్కులకు మాత్రం అప్పుడు ఆ యోగం పట్టలేదు.

మనవాళ్ళకూ ఒక మాట. పది వేల ఫొటోల కోసం 32 జీబీ గుచ్చి ‘రాకెట్‌లా ఉంది’ అనే బాపతు వేరే ఉన్నారు. వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం.

చట్టం సంగతికొస్తే, ఫలానా బ్రాండు భాగమే వాడితేనే వారంటీ అని షరతు పెట్టడం కుదరదని అమెరికాలో 1975లోనే మాగ్నసన్-మాస్ చట్టం చెప్పింది. ఇక్కడ మన దేశంలో విడిభాగాలను బయటి మెకానిక్కులకు అందనివ్వనందుకు 14 కార్ల కంపెనీలకు కాంపిటీషన్ కమిషన్ 2014లో 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. అప్పీళ్ళ సంగతి తర్వాత. కారు హెడ్‌లైటు గురించి అర్థమైనది మెమరీ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అర్థం కాదో నాకు తెలియడం లేదు. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెరిచింది. అందులో ఎలక్ట్రానిక్సూ ఉన్నాయి.

కాబట్టి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే వెళ్ళండి, లేదా డాలస్ నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులోనే తెప్పించుకోండి. డీడీఆర్ ఎన్నో, వోల్టేజీ ఎంతో, ఈసీసీ కావాలో వద్దో సరిచూసుకోండి. పెట్టాక రాత్రంతా మెమరీ టెస్టు నడపండి. ఫెయిలైతే మొహమాటపడకుండా తిరిగిచ్చేయండి. డేటాకు ఇంకో కాపీ ఇంకో చోట ఉంచండి, అది అధికారిక మెమరీ ఉన్నవాళ్ళకూ తప్పదు. ఎప్పుడైనా బోర్డు పోయి, బయటి ర్యామ్ పెట్టారు కాబట్టి వారంటీ చెల్లదని ఎవరైనా నోటిమాటగా అంటే విని వచ్చేయకండి. ఆ ముక్క వల్లే చెడిందని కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడతారు.