ఏం పుట్టి మునిగిందని?

తొందరపడే మనిషిని చూసి "ఏం పుట్టి మునిగిందని?" అంటాం. ఈ మాట కనిపెట్టినవాడు ఏ బీమా సర్వేయరో అయ్యుంటాడని నా అనుమానం. నకిరేకల్ నుంచి సూర్యాపేట బస్సెక్కితే కేతేపల్లి దాటాక మూసీ. అక్కడ నిజంగానే పుట్టి మునుగుతుంది. ఎగువన వాన పడితే మూసీ ప్రాజెక్టు గేట్లెత్తుతారు. 2019 అక్టోబరులోనైతే గేటే కొట్టుకుపోయింది. ఇనుప గేటుకే దిక్కులేనప్పుడు, వెదురు బద్దలతో అల్లి తారు పూసిన గంప ఎంతసేపు నిలుస్తుంది?

అప్పిచ్చినవాళ్లు పట్టుబడితే ఒక జాలరి ఆ గంపకు బీమా కట్టాడనుకోండి. కట్టించుకునేనాడు ఏజెంటు ఇంటిమనిషి. "పెద్దన్నా, నువ్వు నిమ్మలంగ పండుకో, మేం లేమా!" పుట్టి పోయాక సర్వేయరు వస్తాడు.

"ఇంజిన్ నంబరెంత?"

"ఇంజినేడిది సార్, తెడ్డే."

"తెడ్డు నంబరు?"

నంబరు లేదు. సరే, పోయిన పుట్టిని చూపించమంటాడు. కొట్టుకపోయిందంటే, అసలు ఉండేదనడానికి రుజువేమిటంటాడు. పాపం జాలరి రెండు రోజులు వాగు వెంట తిరిగి, తుమ్మచెట్టుకు చిక్కుకున్న సగం గంపను భుజాన వేసుకొస్తాడు. సర్వేయరు దాన్ని వేలితో తట్టి, "ఉంది కదా, బాగుచేయించుకో" అంటాడు. లేకపోతే రుజువు లేదు, ఉంటే నష్టం లేదు!

ఈ చదువంతా ఓడల దగ్గర నేర్చుకున్నది. మన సముద్ర బీమా చట్టం 1963 నాటిది. మామూలు అరుగుదలకు, కారుడుకు, ఎలుకలు కొరికితే జరిగే నష్టానికి బీమాదారు పూచీ లేదని అందులో రాసుకున్నారు. మూసీ ప్రాజెక్టు పూర్తయిందీ ఆ ఏడాదే. ఒకరు నీళ్లు నిలిపారు, ఇంకొకరు ఆశకు నీళ్లొదిలించారు.

మా నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్లో బస్తాకింత తరుగు తీస్తేనే రైతు గొడవకు దిగుతాడు. అయ్యా, ఒక్కసారి సర్వేయరు తీసే తరుగుదల చూడు! వెదురు పాతదని కొంత, తారు పాతదని కొంత, మిగిలిన ముక్క పొయ్యిలోకి పనికొస్తుందని ఇంకొంత. కమీషన్‌దారు కాళ్లు మొక్కాలనిపిస్తుంది.

మనిషే మునిగిపోతే లెక్క వేరు. మత్స్య సంపద యోజన ప్రమాద బీమా కింద ఇంటివాళ్లకు 5 లక్షలు. ఈదుకుంటూ ఒడ్డెక్కాడా, ఇక ఫారాలు నింపుకుంటూ తిరగాల్సిందే. ఈత నేర్పిన తండ్రిని తిట్టుకుంటాడు.

చివరికి థర్మోకోల్ తెప్ప కట్టుకుని మళ్లీ వల వేస్తాడు. ఏడాది తిరిగేసరికి ఫోను మోగుతుంది.

"పెద్దన్నా, రెన్యువల్ తారీకు దగ్గరికొచ్చింది."

"దేనికి తమ్మీ?"

"అదే, నీ పుట్టికి."

ఈసారి అది ఉందనడానికి రుజువేమిటని ఎవరూ అడగరు.