ఇనుప చిట్టెం మేం తిన్నాం, అబ్బయ్యా

హోసూరులో ఇప్పుడు ఇల్లు కట్టడమంటే బస్తా చింపడమే. ఎం-శాండ్ లారీ వస్తుంది, మిషను గుర్రుమంటుంది, సాయంత్రానికి గోడ లేస్తుంది. మా రోజుల్లో గోడ లేవాలంటే ముందు ఎద్దులు లేవాలి. గుండ్రటి రాతి కాలవలో రాతిచక్రం తిరుగుతుంటే సున్నం, ఇసుక, సుర్కీ వెన్నలా నలిగి మాలు అయ్యేవి. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవారు. ఆ బెల్లం ముక్క కోసం పిల్లలం గానుగ చుట్టూ ఎద్దులకన్నా ఎక్కువ తిరిగేవాళ్ళం. మా మేస్త్రి బెల్లం లెక్క చూసుకుని... ఎక్కడున్నాను? ఆఁ, మాలు దగ్గర.

ఇంజనీరింగు చదివే మా మనవడు మొన్నొచ్చి, సిమెంటు లేకుండానే మాలు కలుపుతారు తాతా అన్నాడు. బ్లాస్ట్ ఫర్నేసులోంచి కారే స్లాగును నీళ్ళతో చటుక్కున చల్లార్చి, మెత్తగా పొడి చేసి, కాస్టిక్ సోడా, వాటర్ గ్లాస్ కలిపితే బండ అవుతుందట. "స్లాగంటే చిట్టెమే కదరా, చెత్తతో గోడ కడతావా?" అని ఒంటికాలి మీద లేచాను. "మీ సుర్కీ ఏంది, కాల్చిన ఇటుకల పొడే కదా" అన్నాడు. కన్నంబాడి ఆనకట్ట నిలిచింది సుర్కీ మాలుతోనే అని ఊరంతా చాటింది నేనే. ఇంకేం మాట్లాడను?

అయినా చిట్టెం నాకు నేర్పుతాడా! మన కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో దొరికిన ఇనుము ఆనవాళ్ళు క్రీ.పూ. 2172 నాటివని 2022లో లెక్క తేల్చారు. నేను పాలిపోయి తిరుగుతుంటే మా అవ్వ మండూర భస్మం తేనెలో రంగరించి నాకించేది. మండూరమంటే చిట్టెమే. నూరేళ్ళు మగ్గింది శ్రేష్ఠమని పాత వైద్యుల మాట. మీరు గోడకు పూస్తున్నది మేం తిని అరిగించుకున్నాం.

ఉక్కు తీసే కన్వర్టర్ స్లాగులో కలవని సున్నం మిగిలి ఉంటుందట. పచ్చిగా వాడితే తడి తగిలి ఉబ్బి, కట్టింది కాస్తా పగులుతుంది. అందుకే ఎండావానల్లో నెలల తరబడి మగ్గబెడతారు. సున్నాన్ని మగ్గనివ్వండిరా అని నేనంటే చాదస్తం, ఇంజనీర్లంటే పరిశోధన! (తొందరపడి నేను కట్టించిన పశువుల కొట్టం మూడో వానకే పెచ్చులూడింది. ఆ మాట మనవడికి చెప్పకు.)

కొట్లో దొరికే స్లాగ్ సిమెంటు బస్తాలో 25 నుంచి 70 శాతం దాకా ఈ చిట్టెమే. మెల్లగా గట్టిపడే రకం, నాలాగే. 7 రోజులు తడిపి చేతులు దులుపుకుంటే చాలదు, కనీసం 10 రోజులు తడపాలి. ఆ సెల్లు పక్కన పెట్టి బిందె పట్టుకో, అబ్బయ్యా.