సున్నా రూపాయల అట్టడబ్బా

ఇల్లు మారే ఖర్చులకు మా మేనమామ రాసిన పద్దు నా దగ్గర ఇంకా ఉంది. అడ్వాన్సు, బ్రోకరు కమిషను, డీసీఎం వ్యాను కిరాయి, హమాలీల కూలి, వాళ్ళ చాయ్ ఖర్చు వేరే. పొంగించడానికి పాలు అర లీటరు. దిష్టికి బూడిదగుమ్మడికాయ, గుమ్మానికి నిమ్మకాయలు రెండు. నిమ్మకాయలకు కూడా పది రూపాయలు కేటాయించిన ఆ ఆర్థికవేత్త అట్టడబ్బాల దగ్గరికి వచ్చేసరికి పెన్నుకు మూత పెట్టేశాడు.

"అట్టడబ్బాలకు ఎవడన్న పైసలు పెడ్తడా అల్లుడా? నయాపూల్ దాటి బేగంబజార్ పోతే ఊకెనే పారేస్తుంటరు. ఏరుకొచ్చుకో."

ఆ వరసలో సున్నా పడింది. దాని చుట్టూ ఇంకో సున్నా కూడా చుట్టాడు, నాకు అనుమానం రాకుండా.

ఈ సున్నా మా మామ ఒక్కడి సొత్తు కాదు. గృహప్రవేశానికి లక్షలు పెట్టే ఇంట్లోనూ, కిరాయికి తల తాకట్టు పెట్టే ఇంట్లోనూ ఇదే సున్నా. లోకంలో అన్నింటికీ ధర ఉంది, అట్టడబ్బా మాత్రం గాలిలా, ఎండలా, పక్కింటివాడి పేపరులా ఉచితమని మనవాళ్ళ ప్రగాఢ విశ్వాసం.

ఉప్పుగూడ నుంచి శాలిబండకు మారినప్పుడు ఆ విశ్వాసం నాకూ ఉండేది. ముందు మా వీధి కిరాణా కొట్టుకు వెళ్ళాను. ఉత్త చేతులతో వెళ్ళి డబ్బాలివ్వమంటే బాగుండదు కదా! మొహమాటానికి రెండు కిలోల కందిపప్పు, ఓ సబ్బుల ప్యాకు, ఎవరూ తినని ఓ కారప్పూస పొట్లం కొన్నాను. శెట్టిగారు సంతోషించి ఒక్క డబ్బా ఇచ్చారు. మర్నాడు మళ్ళీ మొహమాటం, మళ్ళీ పప్పు. నాలుగోనాటికి ఆ డబ్బాల్లో సర్దడానికి సరిపడా సామాను ఆ కొట్లోనే కొన్నానని మా ఆవిడ లెక్క తేల్చింది. 640 రూపాయలు. తర్వాత మీరాలం మండీ. అక్కడ దొరికిన డబ్బాల్లో ఒకదాంట్లో బొద్దింకల ఉమ్మడి కుటుంబం కాపురముంది. మాకంటే ముందు కొత్త ఇంట్లో కుడికాలు పెట్టింది వాటి ఇంటిపెద్దే. డబ్బాల కోసం తిరిగిన ఆటోలకు 450. చిప్సు డబ్బాలో మిక్సీ జార్లు పెడితే మెట్ల మీద అడుగు ఊడింది. జారు ఖరీదు 900. వెరసి ఉచితం 1,990 రూపాయలు.

ఆ డబ్బాను తిట్టి లాభం లేదు. చిప్సు డబ్బా చిప్సు మోయడానికి పుట్టింది, చిప్సు పొట్లంలో ఉండేది ప్రధానంగా గాలి. గాలి మోసే అలవాటున్న వాడి నెత్తిన మిక్సీ పెట్టడం మన తప్పు.

అసలు అట్టడబ్బాకు వాడే ఈ ముడతల కాగితం కథే వింత. 1856లో ఇంగ్లండులో దానికి పేటెంటు తీసుకున్నవాళ్ళ ఉద్దేశం పెట్టెలు చేయడం కాదు, దొరల పొడుగు టోపీలకు లోపల అస్తరు వేయడం. సీసాలు చుట్టొచ్చన్న బుద్ధి 1871లో ఓ అమెరికావాడికి పుట్టింది. మనం మాత్రం మూలార్థాన్ని వదల్లేదు. డబ్బా ఊరికే వస్తుందని నమ్మినవాడికి అది ఇప్పటికీ టోపీయే.

ఢిల్లీలో జీఎస్టీ కౌన్సిల్ కూడా దీన్ని వస్తువుగానే గుర్తించింది. 2024 జూన్‌లో కూర్చుని అట్టపెట్టెల మీద పన్నును 18 నుంచి 12 శాతానికి దింపాలంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతం. సున్నా మీద ఎంత శాతం వేసినా సున్నాయే గనక మా మామకు ఈ చర్చతో పని లేకపోయింది.

ఈసారి శాలిబండ నుంచి అత్తాపూర్‌కు. ఆషాఢం వెళ్ళేదాకా కదలకూడదన్నారు, ఆగాం. ఊరంతా ఆగింది. శ్రావణం రాగానే డీసీఎంలకూ డబ్బాలకూ ఒకేసారి పెళ్ళికళ వచ్చేసింది. మదీనా మీదుగా నడిచి నయాపూల్ దాటి బేగంబజారు వెళ్ళాను. కొట్టు ముందు మడిచి పేర్చిన డబ్బాలు చూపించి, మామ చెప్పిన మంత్రం చదివాను: పారేసేవేగా, తీసుకోనా? కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు.

"ఫుకట్ మే కాయకు దేంగే సాబ్? కబాడీవాలా కిలో కే హిసాబ్ సే లే జాతా."

అదీ సంగతి. పొద్దున సరుకుతో దిగిన డబ్బా సాయంత్రానికి కబాడీ కాంటా ఎక్కుతుంది. అక్కడినుంచి కాగితం మిల్లుకు పోయి మళ్ళీ డబ్బాగా పుడుతుంది. పునర్జన్మ మీద నమ్మకమున్న జాతికి ఇది తట్టకపోవడమే ఆశ్చర్యం. ఈ బజార్లో ఎవడూ ఏదీ పారేయడు. పారేస్తున్నాడని మనకు అనిపించేది మనం అవతలి గట్టు నుంచి చూస్తాం కాబట్టి. డబ్బా ముప్పై చెప్పాడు. బేరం చేశాను. ముప్పైకే ఇచ్చాడు. 34 డబ్బాలు 1,020, ఆరు టేపు చుట్టలు 300, గిన్నెలు చుట్టడానికి పాత పేపర్లు 360, సుతిలి 90. మొత్తం 1,770. ఉచితం కంటే 220 తక్కువ.

డబ్బాల కట్టను ట్రాలీ ఆటోకెక్కించి వస్తుంటే, నయాపూల్ మీద ట్రాఫిక్ ఆగింది. ఆగకపోతే అది నయాపూల్ కాదు. ఆ తీరిక వేళ అటూ ఇటూ చూస్తే, ఈ వంతెన చుట్టుపక్కల అంతా ఇల్లు మారిన, మారబోతున్న పెద్దలే! అఫ్జల్‌గంజ్ లైబ్రరీ 1891లో ఆబిడ్స్‌లో పుట్టి 1936లో ఈ గట్టుకొచ్చింది. ఉస్మానియా ఆసుపత్రిని గోషామహల్‌కు పంపడానికి 2025 జనవరి 31న శంకుస్థాపనైంది. తెలంగాణ హైకోర్టుకు రాజేంద్రనగర్‌లో 100 ఎకరాలు చూపించి 2024 మార్చి 27న పునాదిరాయి వేశారు. ఇక్కడే ఉండిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టైతే 2018 డిసెంబరు 26న ఉత్తర్వు అందుకుని 2019 జనవరి 1కల్లా అమరావతికి మారాలంటే, లాయర్లు ఇంత తొందరేమిటని మొత్తుకున్నారు. శంకుస్థాపన ఉపన్యాసాల్లో ఎకరాలుంటాయి, పడకలుంటాయి, కోట్లుంటాయి. దస్త్రాలు వేయడానికి డబ్బాలెన్ని కావాలో చెప్పిన మంత్రిని నేను వినలేదు. వాళ్ళింట్లోనూ ఒక మామ ఉండే ఉంటాడు.

సాలార్‌జంగ్ మ్యూజియం దివాన్ దేవిడీ నుంచి 1968లో మూసీ ఒడ్డుకొచ్చింది. దూరం పట్టుమని పది నిమిషాల నడక. ఆ రోజు పెత్తనం మా మామ చేతిలో ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. "ఇంత దగ్గరికి డబ్బాలెందుకు? దుప్పట్ల మూటకట్టు" అనేవాడు. ఆ మ్యూజియంలోని రెబెక్కా శిల్పం పాలరాతి మేలిముసుగు వెనక ఈపాటికి ముక్కు లేకుండా చిరునవ్వు నవ్వుతుండేది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ చుట్టుపక్కల జనాన్ని పెట్టే బేడా లేకుండా కదిలించింది. దాన్ని ఇల్లు మారడం అనరు.

మామను పూర్తిగా తప్పుపట్టలేను. ఆయన ఇల్లు మారిన రోజుల్లో సామానంటే ఇత్తడి గంగాళం, ఇనప ట్రంకుపెట్టె, రెండు పరుపు చుట్టలు. గంగాళంలో బియ్యం, బియ్యంలో గ్లాసులు. కిందపడితే నేల పగలాలి గానీ గంగాళం పగలదు. పెట్టె సామానులోనే ఉండేది గనక పెట్టెకు పద్దు లేదు. గంగాళాన్ని తూకానికి అమ్మేసి గాజు గిన్నెలు కొన్నాక కూడా పద్దు మాత్రం గంగాళం కాలానిదే మిగిలింది. దీనికి విరుగుడని కొందరు టీవీ డబ్బా, ఫ్రిజ్ డబ్బా, కుక్కర్ డబ్బా అటక మీద దాచి ఎనిమిదేళ్ళు వాటికీ కలిపి కిరాయి కడతారు. తీరా దించితే వాటి నిండా పాత క్యాలెండర్లు. ఆ క్యాలెండర్లకు మళ్ళీ డబ్బాలు కావాలి.

పాలు పొంగించిన రోజు మామ అత్తాపూర్ వచ్చాడు. గోడకు ఆనించిన ఖాళీ డబ్బాలను ఆప్యాయంగా నిమిరాడు. మరదలు వచ్చే నెల ఇల్లు మారుతోందట.

"ఇవి ఊకెనే పారేస్తవు గదా అల్లుడా, నేను తీస్కపోతా."

"ఒక్కోటి నలభై, మామా."

మామ నిర్ఘాంతపోయాడు. "నలభయ్యా! బేగంబజార్ల ముప్పైకే ఇస్తున్నరు గదరా!"