అయ్యగారి నడుమున నేను

నేనొక ఇత్తడి తాళంచెవిని. ఉత్తర లండన్‌లోని హెండన్‌లో ఒక యూదు కుటుంబం ఇంటి వీధి తలుపు నాది. మామూలు రోజుల్లో అయ్యగారి కోటు జేబులో చిల్లరతో కలిసి తిరుగుతాను. శుక్రవారం పొద్దు వాలే వేళకి మాత్రం నా హోదా మారిపోయేది. నన్ను గుత్తిలోంచి విడదీసి ఎలాస్టిక్ బెల్టుకు తగిలించేవారు. బెల్టు ఒక కొసన కొక్కెం, రెండో కొసన చిన్న ఉచ్చు. కొక్కెం నా తలలోని బెజ్జంలోకి, నా పళ్లవైపు ఆ ఉచ్చులోకి. నన్ను లాగేస్తే బెల్టు ఊడి కిందపడాలి. షరతు అదే. ఊరికే వేలాడదీస్తే చెల్లదు. బెల్టును పట్టి ఉంచే పని నేను చేస్తేనే అయ్యగారు నన్ను మోసినట్టు కాదు, తొడుక్కున్నట్టు.

శుక్రవారం పొద్దు వాలినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా యూదుల విశ్రాంతి దినం, షబ్బాత్. ఆ నాడు చేయకూడని పనులు 39 అని వాళ్ల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది. దున్నడం, నేయడం, రాయడం, నిప్పు రాజేయడం లాంటివి. ఎడారిలో దేవుడి గుడారం నిలబెట్టడానికి అవసరమైన పనులే అవన్నీ. ఆ వరుసలో చిట్టచివరిది, ఇంట్లోని వస్తువును వీధిలోకి మోసుకుపోవడం. బరువుతో నిమిత్తం లేదు. కుర్చీని హాల్లోంచి వంటింట్లోకి మార్చినా తప్పు లేదు గానీ, జేబులో రుమాలుతో గుమ్మం దాటితే తప్పే. తాళం వేయడం, తీయడం నిషేధం కాదు. నన్ను వీధిలోకి తీసుకెళ్లడమే చిక్కు.

16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన షుల్హాన్ అరూఖ్‌లో నా జాతి ప్రస్తావన ఉంది. నగలా చేయించిన వెండి తాళంచెవిని ధరించి బయటికి వెళ్లవచ్చా అన్నది అక్కడి చర్చ. సరేనన్నవారూ ఉన్నారు, వద్దన్నవారూ ఉన్నారు. అంత పెద్ద ధర్మశాస్త్రం నాలాంటి అల్పవస్తువు దగ్గర కూడా ఆగి ఆలోచించింది. నాకది గర్వకారణం.

ఇంతా చేసి నేను వెళ్లేది సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి. షబ్బాత్ నాడు కారెక్కరు కాబట్టి నడిచే వెళ్లాలి. నడిచి వెళ్లాలంటే దగ్గర్లో ఉండాలి. అందుకే ఇలాంటి యూదు కుటుంబాలన్నీ సినగాగ్ చుట్టుపక్కలే ఇళ్లు చూసుకున్నాయి. కారు వద్దన్న నియమమే ఈ పేటను ఒకచోట నిలబెట్టిందని నా నమ్మకం. దాని విలువ నాకు తెలిసొచ్చింది అయ్యగారి తల్లి పోయాక.

తల్లికోసం కొడుకు పదకొండు నెలలు కద్దిష్ అనే ప్రార్థన చెప్పాలి. అందులో చావు మాటే ఉండదు, అంతా దేవుడి స్తుతి. కానీ ఒంటరిగా చెప్పడానికి వీల్లేదు. పదమూడేళ్లు నిండిన మగవాళ్లు పదిమంది ఉండాలి, ఇది సనాతన యూదుల పద్ధతి. ఒక వేసవి శనివారం సాయంత్రం ప్రార్థనకు జనం పలచగా వచ్చారు. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. కీర్తనల్లో సరిగ్గా పది మాటలున్న వాక్యం ఒకటుంది, మనిషికో మాట చొప్పున దాన్ని చదువుతారు. ఆ రోజు తొమ్మిదో మాట దగ్గరే ఆగిపోయింది. అయ్యగారి చేయి నా మీదికి వచ్చింది, వేళ్లు చల్లగా ఉన్నాయి. ఫోన్ ముట్టుకోరు. ఒక కుర్రాడు లేచి వెళ్లి ఎదురింటి తలుపు తట్టాడు, బెల్లు నొక్కకుండా. అన్నం ముందునుంచి లేచొచ్చాడు కాబోలు, ఒక పెద్దాయన మూతి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. అయ్యగారు కద్దిష్ మొదలుపెట్టగానే తొమ్మిది గొంతులు "ఆమెన్" అన్నాయి. ఆ వీధిలో ఆ ఇల్లు లేకపోతే, ఆ కొడుకు ఆ సాయంత్రం తల్లికోసం నోరు విప్పలేకపోయేవాడు.

అయితే ఈ నియమం భారం ఎవరిమీద పడిందో కూడా చెప్పాలి. అమ్మగారికి చంటిబిడ్డ. బిడ్డను ఎత్తుకున్నా, బండిలో తోసినా మోసినట్టే లెక్క. నేను అయ్యగారి నడుము మీద దర్జాగా వెళ్తుంటే ఆమె కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ల గతీ అంతే. దీనికి పరిష్కారం ఆ శాస్త్రంలోనే ఉంది: ఎరూవ్. ఇళ్ల వరుసలు, కంచెలు లాంటి ఉన్న హద్దులనే సరిహద్దుగా తీసుకుని, మధ్యలో ఖాళీలున్నచోట స్తంభాలు పాతి తీగ కడితే లోపలి ప్రాంతమంతా ఒకే ఇంటి కింద లెక్క. స్తంభాల మీద ఇక్కడ ఏళ్ల తరబడి అభ్యంతరాలు నడిచాయి. చివరికి 2003లో, సుమారు 18 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఎరూవ్ అమల్లోకి వచ్చింది. తీగ ఎక్కడైనా తెగిందేమోనని వారం వారం చూస్తారు.

ఆ తొలి శనివారం నేను మామూలు చొక్కాజేబులో ఉన్నాను. పక్కన అమ్మగారు బిడ్డ బండి తోస్తూ నడిచారు. నాకు బెల్టు హోదా పోయినందుకు బాధే లేదు. గొడుగు, పర్సు, ఫోన్ మాత్రం వేరే నిషేధాల వల్ల ఇప్పటికీ ఇంట్లోనే. ఎరూవ్ మీద ఆధారపడని ఇరుగుపొరుగు కొందరు ఇంకా బెల్టే కట్టుకుంటున్నారు, వాళ్ల మతగురువులైన రబ్బీల మాట వాళ్లది.

మీకో విన్నపం. లండన్‌లో డిసెంబరులో షబ్బాత్ దీపాలు మధ్యాహ్నం నాలుగు కాకముందే వెలిగిస్తారు. మీ ఆఫీసులో ఇలాంటి అయ్యగారు ఒకరుంటే, ఆ నెల శుక్రవారాల్లో భోజనాల తర్వాత మీటింగు పెట్టకండి. ఆయన కోసం తొమ్మిదిమంది ఎదురుచూస్తూ ఉండవచ్చు.