మా వాడి ప్యాంటూ నా కుళ్ళూ

ముందే ఒప్పేసుకుంటున్నాను. మా అబ్బాయి ప్యాంటంటే నాకు కుళ్ళు.

వాడు బీటెక్ మూడో ఏడు. నడుస్తుంటే ముందు వాడు వెళ్తాడు, ప్యాంటు తీరిగ్గా వెనకాల వస్తుంది. నడుం దగ్గర మాత్రమే వాడిది, అక్కణ్ణించి కిందంతా గాలిది. దాని ఖరీదు విన్న రోజున నేను మంచినీళ్ళడిగి తాగాను. అయినా కుళ్ళు ఖరీదు గురించి కాదు. ఇంచుమించు అదే ప్యాంటు 1994లో నేను వేసుకున్నాను.

ఆ ఏడాది ‘ప్రేమికుడు’ వచ్చింది. రాజమండ్రిలో డిగ్రీ వెలగబెడుతున్న మాకు ప్రభుదేవా కాళ్ళు కనపడలేదు, ప్యాంటే కనపడింది. మామూలు ప్యాంటుకు మీటరూ ఇరవై గుడ్డ చాలు. దీనికి మీటరున్నర పైనే తెమ్మన్నాడు టైలరు. నడుం పట్టీ కింద అటు మూడు ప్లీట్లు, ఇటు మూడు ప్లీట్లు. తొడల దగ్గర ఉబ్బి, చీలమండ దగ్గరికొచ్చేసరికి సన్నబడాలి. తొడుక్కుని హాల్లోకి వస్తే, మా నాన్నగారు పడక్కుర్చీలోంచి కిందికీ పైకీ చూసి, “ఇందులో ఇంకొకడికి చోటుందిరా. ఎవణ్ణైనా ఎక్కించుకో, బస్సు చార్జీ కలిసొస్తుంది” అన్నారు. ప్రభుదేవా ఒంట్లో ఎముకలు లేవని అప్పట్లో చెప్పుకునేవాళ్ళు. నా ఒంట్లో ఉన్నాయని కాలేజీ డే నాడు స్టేజి మీద తేలిపోయింది.

అలాంటి పూర్వానుభవం ఉన్నవాణ్ణి కదా, వదులు ప్యాంట్లు మళ్ళీ రోడ్డెక్కగానే ఇంట్లో నా పరపతి కూడా కాస్త లేస్తుందనుకున్నాను. భోజనాల దగ్గర, “ఇదంతా మేం వేసి వదిలేసిందేరా” అన్నాను. “కాదు నాన్నా, ఇది కొరియన్ స్టైల్” అన్నాడు కంచంలోంచి తలెత్తకుండా. ప్రభుదేవా కంటే ముందే, 1990లో, అమెరికాలో ఎం.సి. హ్యామర్ అనే ర్యాప్ గాయకుడు ఇంతకంటే వదులు ప్యాంట్లతో చిందులేశాడన్న సంగతి నాక్కూడా చాలా ఆలస్యంగా తెలిసింది కాబట్టి గట్టిగా దబాయించలేకపోయాను.

పోనీ సాక్ష్యం పట్టుకొద్దామని బీరువా గాలించాను. “వాటినెప్పుడో స్టీలు సామాన్లావిడకి వేసేశానండీ” అంది మా ఆవిడ వంటింట్లోంచి. అంతటితో ఆగొచ్చుగా! “మీవి అన్ని ప్యాంట్లిచ్చినా ఒక్క గిన్నె రాలేదు. నా చీరొకటి కలిపితే అప్పుడిచ్చింది.”

నాన్నగారి ట్రంకు పెట్టె సంగతి వేరు. అందులోంచి ఏదీ బయటికి పోదు, కలరా ఉండల వాసన తప్ప. ఓ ఆదివారం తాతా మనవడూ దాన్ని తెరిచి బెల్ బాటమ్ బయటికి లాగారు. మోకాలి దాకా ఒంటికి అంటుకుని, అక్కణ్ణించి విచ్చుకుంటూ పోయి కింద 26 అంగుళాలు. అంచు చుట్టూ లోపలివైపు ఇత్తడి జిప్పు పట్టీ కుట్టించి ఉంది. నేలకు రాసుకున్నా గుడ్డ చిరగకూడదని అప్పటి ఏర్పాటు. మడమ దగ్గర ఆ జిప్పు పళ్ళు అరిగి నున్నబడిపోయాయి. “ఈ చప్పుడు వినే మీ నాయనమ్మ నేనొస్తున్నానని కనిపెట్టేది” అన్నారు నాన్నగారు. “కనిపెట్టి లోపలికి పోయేదాన్ని” అంది అమ్మ.

నూలు గుడ్డయితే ఈపాటికి మసిగుడ్డయ్యేది. పాలియెస్టర్ కలిసిన టెరికాట్‌కి చావు లేదు. నిజానికి బెల్ బాటమ్ ఓడల్లో పనిచేసే నావికుల దుస్తు. 1960ల్లో అమెరికా హిప్పీలు మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న సరుకమ్మే కొట్లలో చవగ్గా కొని తొడుక్కున్నారు. అలా మొదలై మన సినిమాల దాకా వచ్చింది. 1978లో ‘మరో చరిత్ర’ వచ్చే నాటికే తనది కుట్టించి పాతబడిందని నాన్నగారి వాదన. కమల్ హాసన్ తనని చూసి నేర్చుకున్నాడని ఇంకా అనలేదు, అంటారు.

మా వాడు దాన్ని కాలేజీ ఫెస్టుకి వేసుకెళ్ళి హీరో అయి తిరిగొచ్చాడు. ఆ ఊపులో నాన్నగారు తన హెచ్.ఎం.టి. వాచీ కూడా వాడి చేతికి కట్టేశారు. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో మొదలై, 2016లో ప్రభుత్వం మూసేసిన కంపెనీది. రోజూ కీ ఇవ్వాలి. మా వాడివ్వడు. టైము ఫోనులో చూసుకుంటాడు, వాచీ జనానికి చూపిస్తాడు. నేనా పని చేసుంటే నాన్నగారు ఊరుకునేవారా?

మా అమ్మాయి వాటా బుట్ట చేతులు. 2018లో ‘మహానటి’ వచ్చి, ఆ దుస్తులకు జాతీయ అవార్డు కూడా వచ్చాక, ఊళ్ళో జాకెట్ల భుజాలన్నీ ఒక్కసారిగా పొంగాయి. చీర కంటే కుట్టుకూలి ఎక్కువ. అమ్మ ఆ జాకెట్టుని తిప్పి చూసి, లోపల బిగించిన నెట్టు తడిమి, “మేం గంజితో నిలబెట్టేవాళ్ళం” అని పెదవి విరిచింది. మనవరాలు వెంటనే పాఠం చెప్పమని పక్కన చేరింది.

ఇలా తాతలూ మనవలూ ఒకటైపోయారు. మధ్యలో బిల్లులు కట్టేవాణ్ణి నేను. పైగా నా దుస్తుల్ని వాళ్ళెవరూ లెక్కలోకి తీసుకోకపోవడానికి బలమైన కారణం కూడా ఉంది. బ్యాగీలు పోయాయిగానీ ప్లీట్ల మీద మోజు నాకు పోలేదు. ఆఫీసుకి ఇప్పటికీ అటూ ఇటూ రెండేసి ప్లీట్ల ప్యాంటే. మధ్యలో ప్లీట్లు ఎగిరిపోయిన కాలంలోనూ ఇదే, అవి మళ్ళీ దిగిన కాలంలోనూ ఇదే. ఓసారి పోతేనే కదా తిరిగొచ్చినప్పుడు హారతిచ్చేది! ఇంట్లోనే కూర్చున్న అల్లుడికి మర్యాదలెవరు చేస్తారు?

అసలు నేరం ఇప్పుడు చెబుతాను. అందరూ పెళ్ళికెళ్ళిన రోజు మా వాడి ప్యాంటు తొడుక్కున్నాను. నడుం దగ్గర గుండీకీ కాజాకీ మధ్య రాజీ కుదరలేదు, బెల్టుతో సర్ది చొక్కా బయటికి వదిలాను. అద్దంలో బాగానే ఉన్నాననిపించింది. మరిచిపోయిన గిఫ్టు కవరు కోసం వెనక్కొచ్చిన మా ఆవిడ గుమ్మంలో ఆగి, “పైజమా ఎప్పుడు కొన్నారండీ?” అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

ఆ దెబ్బతో సొంత అలంకరణ మానేసి వ్యాపార దృష్టి పెంచుకున్నాను. పదో తరగతిలో మా వాడు ఊపిరి బిగబట్టి ఎక్కించుకున్న స్కిన్నీ జీన్సులు నాలుగున్నాయి. వాటిని చూసి నాన్నగారు, “ఇవి మా గొట్టం ప్యాంట్లేరా! బెల్ బాటాలకు ముందు వేసినవి” అన్నారు. అంటే ఇవీ ఓ చుట్టు తిరిగొచ్చినవే, మళ్ళీ తిరుగుతాయి. మడతపెట్టి, కలరా ఉండలు వేసి, బీరువా పైఅరలో దుప్పటి వెనక దాచాను. స్టీలు సామాన్లావిడ వచ్చిన రోజునే మా ఆవిడకి దొరికాయి.

“ఇవి మీకు చెయ్యి కూడా దూరవు కదండీ, ఎందుకూ?”

“నాకు కాదు. వీడి కొడుక్కి.”

“వీడికింకా సప్లీలే పూర్తికాలేదు” అని, ఆ నాలుగూ పట్టుకుని గేటు వైపు నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. ఆవిడ వాటికి చిన్న గరిటె ఇస్తానంటోంది.