బంగినపల్లికి పుల్లెందుకు?

వేసవి వచ్చిందంటే పత్రికల వంటల పేజీలూ వీడియోలూ పుల్లైసుల మీద పడతాయి. అన్నిటిలోనూ మొదటి మాట ఒకటే: “బాగా పండిన తియ్యటి మామిడిపండ్లు నాలుగు తీసుకోండి.” నా తగాదా సరిగ్గా అక్కడే. బాగా పండిన తియ్యటి మామిడిపండ్లు నాలుగు ఇంట్లో ఉన్న మనిషికి ఐసుతో పనేమిటి? చిన్నరసాలైతే చాకుతో కూడా పనిలేదు. మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, జీడి పోయేలా రెండు చుక్కలు పిండేసి నోట్లో పెట్టుకోవడమే. అలాంటి పండుకు తొక్క తీసి, మిక్సీలో తిప్పి, అచ్చులో పోసి, పుల్ల గుచ్చి, రాత్రంతా గడ్డకట్టించి, రుచి తగ్గాక తినడాన్ని వంట అనరు, శిక్ష అంటారు. ఇంట్లో చేసే పుల్లైసు మంచి పండు కోసం కాదు. చప్పటి పండు, పుల్లటి పండు, పీచు పండు, కొన్నవాణ్ణి మోసం చేసిన పండు, వీటన్నిటి కోసం.

రుచి ఎందుకు తగ్గుతుందంటారా? ఎండలో మరిచిపోయిన కూల్‌డ్రింకును అడగండి. చల్లగా ఉన్నప్పుడు గటగటా దిగిన నీళ్లే వేడెక్కాక పాకంలా మొహం మొత్తుతాయి. అందులోని చక్కెర పెరగలేదు, చల్లదనం పోయిందంతే. చలికి నాలుక తీపిని సరిగ్గా పసిగట్టలేదు. వాసనకు మరీ అన్యాయం జరుగుతుంది. పండు పరిమళం గాలిలోకి లేస్తేనే కదా ముక్కుకు అందేది, గడ్డకట్టినది లేవమంటే ఎలా లేస్తుంది? 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటి ఫ్రీజరులో చలి సున్నాకు 18 డిగ్రీల కింద. అందులోంచి తీసిన ముక్క నాకి ఇది బంగినపల్లి, ఇది తోతాపురి అని చెప్పగలిగినవాడికి ఇంకో గుర్తింపు ఇవ్వాల్సిందే. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలు లారీలకు లారీలు కొనేది ఆ తోతాపురినే. ఖరీదైన పండును ఎక్కడ తగలెయ్యకూడదో వ్యాపారస్తుడికి మనకంటే ముందే తెలుసు. అసలు ఈ పుల్లైసుకు అమెరికాలో పేటెంటు తీసుకున్న ఫ్రాంక్ ఎపర్సన్ కథ చూడండి. 1905లో, పదకొండేళ్ల వయసులో, సోడా పొడి కలిపిన నీళ్ల గ్లాసును కలిపే పుల్లతో సహా చలిరాత్రి ఆరుబయట వదిలేశాడట. తెల్లారేసరికి ఐసు తయారు. 1924లో పేటెంటు వచ్చింది. ఇంత చరిత్రలో ఒక్క పండు కూడా చెడలేదని గమనించాలి.

“మేం చక్కెర వెయ్యం, ఉత్త పండే, ఆరోగ్యం” అని గొంతు సవరించుకునే వాళ్లున్నారు. వెయ్యకండి, కానీ ఏమవుతుందో వినండి. గుజ్జులోని నీరు గడ్డకట్టేటప్పుడు తీపినీ రంగునీ పక్కకు నెట్టేసి తానొక్కటే స్ఫటికమవుతుంది. నెట్టేసిన చిక్కటి రసం స్ఫటికాల సందుల్లో పూర్తిగా గట్టిపడకుండా నిలుస్తుంది. నాలుగుసార్లు చప్పరించగానే ఆ రసమంతా నోట్లోకి వచ్చేసి, పుల్లకు తెల్లటి మంచుగడ్డ మిగులుతుంది. తీపి ఎంత తక్కువుంటే ఆ గడ్డ అంత పెద్దది, అంత గట్టిది. మిగతా అరగంటా పిల్లలు ఆరోగ్యంగా నీళ్లు నములుతారు. పుల్లైసు ఫ్యాక్టరీలో అచ్చుల్ని గడ్డకట్టని చల్లటి ఉప్పునీళ్ల తొట్టెలో దించుతారు కాబట్టి తొందరగా గట్టిపడి పలుకు సన్నగా వస్తుంది. మన ఫ్రీజరులో ఉన్నది ఉత్త గాలి, దానికి గంటలు పడుతుంది, ఆలోగా పలుకులు రాళ్లుప్పంత అవుతాయి. అందుకే చక్కెర తప్పదు. జారులో వేలు ముంచి నాకితే “అబ్బ, తీపెక్కువైంది” అనిపించాలి. గడ్డకట్టాక సరిగ్గా సరిపోతుంది. ఎలాగూ చక్కెర పోయక తప్పనప్పుడు, అది అప్పటికే ఉన్న పండుకు పోయడమెందుకు?

లేని పండుకు పోద్దాం. పుచ్చకాయలో నూటికి తొంభై పాళ్ల పైగా నీరే. కొట్టువాడు త్రికోణం కోసి ఎర్రగా చూపించినది ఇంటికొచ్చాక చప్పగా తేలడం మనకు కొత్త కాదు. చక్కెర, నిమ్మరసం, చిటికెడు ఉప్పు పడితే దాని పరువు నిలబడుతుంది. నాలుక కోసే అనాసపండు కూడా అర్హురాలే, అయితే పచ్చిదాన్ని పాలల్లోనో పెరుగులోనో కలపకండి. దానిలోని ఒక ఎంజైము పాల మాంసకృత్తుల్ని విరిచి చేదు పుట్టిస్తుంది. ముందు చక్కెరతో ఉడికించి చల్లారిస్తే ఆ బెడద ఉండదు. తొక్క నల్లబడి, ఇంట్లో అందరూ చూడనట్టు నటిస్తున్న అరటిపండు వీటన్నిటికంటే విలువైనది. సగం ముక్క కలిపితే ఏ ఐసైనా గరుకు తగ్గి వెన్నగా వస్తుంది. సగం దాటితే మాత్రం మీరు ఏ పండు వేసినా వాసన అరటిదే. పుల్ల గుచ్చే వేళ గురించి ఒక మాట: ముందే గుచ్చితే అది తాగినవాడిలా పక్కకు ఒరుగుతుంది. గంటో గంటన్నరో ఆగి, ముద్దగా అయ్యాక గుచ్చాలి. అచ్చులోంచి ఊడకపోతే గోరువెచ్చటి నీళ్లలో ముంచమంటారు. మే నెలలో మిద్దె మీది ట్యాంకు ఉన్నవాళ్లకు పొయ్యి వెలిగించే పనిలేదు, కొళాయి తిప్పడమే.

“మామిడి రెండు నెలల వైభోగమే, దాచుకోవద్దా?” అన్నది గట్టి ఆక్షేపణే. దానికి మనవాళ్లు ఎప్పుడో తాండ్ర అని జవాబు చెప్పారు: నీటిని ఎండకు వదిలేసి పండును మిగుల్చుకున్నారు. మనం నీటిని పండులోనే పెట్టి గడ్డకట్టిస్తున్నాం. “పండు ముట్టని పిల్లలు ఐసైతే తింటారు కదా” అంటే, నిజమే, తింటారు. కానీ పండు ముట్టని పిల్లవాడికి అందులో ఉన్నది బంగినపల్లో కలెక్టరు కాయో ఏం పట్టింది? వాడికి కావలసింది నాలుక రంగు మారడం. ఇక కరెంటు పోతుందనే భయం ఉండనే ఉంది. కరిగిన ఐసును మళ్లీ గడ్డకట్టిస్తే పలుకు ఇంకా మొరటవుతుంది, ఆ పని చెయ్యకండి. బంగినపల్లితో చేసినవాళ్లు ఫ్రీజరు తలుపు ముందు కూర్చుని డిపార్టుమెంటును శపిస్తారు. చప్పటి పుచ్చకాయతో చేసినవాళ్లు దాన్ని గ్లాసుల్లోకి వంపి, సబ్జా గింజలు వేసి, షర్బత్ అని అందరికీ పంచేస్తారు.